మంద రోడ్డు దాటుతుండగా

మిర్యాలగూడ దవాఖానలో, మార్చురీ బయట గొంగడి మీద కూర్చున్న ముసలి కాపరి పక్కకు చనిపోయిన కుర్రవాడి తండ్రి వచ్చి కూర్చున్నాడు.

"గొర్లు నీయేనా, పెద్దాయనా?"

"నాయే సారూ. మందను ఇంకో చేనుకు తోలుతున్న. మంచు కమ్మి ఏం కనబడకుంటుండె. బండి సప్పుడు ఇని అదిలించేలోపట్నే మీదికొచ్చింది."

"మావోడు పాలకీడు దిక్కు కృష్ణ ఒడ్డున పొద్దుపొడుపు ఫోటో తీస్తనని పోయిండు. మంచుల వద్దురా అని ఆళ్లమ్మ మొత్తుకున్నది. మంచుంటెనే ఫోటో మంచిగొస్తదన్నడు."

"మీరు కేసు పెడితె పెట్టుండ్రి సారూ. నేను యాడికీ పోను."

"కేసు సంగతి తర్వాత. అంబులెన్స్ వచ్చేదాక నువ్వే ఉన్నవట. మా మహేందర్ ఏమన్న మాట్లాడిండా?"

"మాట్లాడిండు. తల నా ఒళ్లె పెట్టుకొని నీళ్లు తాపిన."

"అమ్మను తలిసిండా?"

"లేదు సారూ. పొద్దు పొడిసిందా తాతా, అని అడిగిండు."

"పొడిసిందా అప్పటికి?"

"యాడ పొడిసింది? అంత చీకటే. పొడిసింది బిడ్డా అని చెప్పిన."

"వాడేమన్నడు?"

"ఎట్లున్నదో చెప్పుమన్నడు. నాకు తెలిసినట్టు చెప్పుకుంట కూసున్న. పానం పోయిందని తెలిసినంక గూడ ఆపబుద్ధి కాలే."

తండ్రి కాపరి దగ్గరికి జరిగాడు.

"నాకు గూడ చెప్పు పెద్దాయనా. వానికి ఎట్ల చెప్పినవో గట్లనే చెప్పు."