ఏడవని చొక్కా

ఏదీ, ఒకసారి వెనక్కి తిరుగు. నిన్ను కాదమ్మా, నీ చొక్కాని చూస్తున్నా. ముదురు రంగు బట్ట మీద తెల్లక్షరాలు. అబ్బ, ఎంత తెలుపో చూడు. ఎన్నిసార్లు ఉతికావు దీన్ని? గుర్తులేదా, సరేలే. కూర్చో. ఫోను చూసుకుంటూనే విను, నేనేం అనుకోను. ఈ తెలుపు ఇలా నిలబడిందే, ఇది చూస్తే నాకు మీ అమ్మమ్మ వాళ్ళమ్మ గుర్తొస్తుంది. మా అత్తగారన్నమాట. నువ్వు పుట్టేసరికే ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ గోడమీద ఫోటోలో సాధువులా ఉంటుంది కదా, నమ్మకు. కదలొద్దని ఫోటో తీసేవాడు బతిమాలుకుంటే అలా కూర్చుంది గాని, అది అయిపోగానే వాడికి లైటు ఎక్కడ పెట్టాలో పాఠం చెప్పింది.

చొక్కాల మీద అక్షరాలు అచ్చువేసే షాపు ఆవిడది. మన ముందుగదంత ఉంటుంది, మధ్యలో పొడుగాటి బల్ల, గోడల నిండా చెక్క ఫ్రేములు. ఫ్రేముకి సన్నటి జాలీబట్ట బిగించి ఉంటుంది, అక్షరం ఉన్నచోటే ఇంకు కిందికి దిగుతుంది. చొక్కా మీద పెట్టి, ఇంకు పోసి, రబ్బరు పలకతో ఒక్క లాగు లాగడమే. చెప్పడానికేం, తేలికే. ఆవిడ లాగితే అక్షరం అంచు కత్తిరించినట్టు వచ్చేది. నేను లాగితే, పోనీలే, ఆ సంగతెందుకు. ఇల్లరికపుటల్లుణ్ణి కదా, ఇంట్లో అల్లుణ్ణి, షాపులో ఇంకు కాల్చి ఆరబెట్టే హీటరు దగ్గర పనివాణ్ణి. 'అబ్బాయ్' అని పిలిచిందంటే ప్రసన్నంగా ఉన్నట్టు. 'అల్లుడుగారూ' అన్నదా, తిట్లు మొదలైనట్టే. మర్యాద పెరిగేకొద్దీ నేను హీటరు వెనక్కి జరిగేవాణ్ణి. ఇంకోటి, ఆవిడ తప్పు చెయ్యదు. అంటే, చేసినా చెయ్యదన్నమాట. ఫ్రేము జారితే బల్లది తప్పు, ఇంకు చిందితే డబ్బాది తప్పు. ఆడలేక మద్దెల ఓడు అని మీ అమ్మమ్మ వంటింట్లో గొణుక్కునేది, వాళ్ళమ్మకి వినపడకుండా.

ఏం చెప్తున్నాను? ఆఁ, చొక్కాలు. అంతకుముందంతా నూలు బట్టే, ఏ రంగు వేసినా పడుండేది. అప్పుడే పాలిస్టర్ కలిసిన బట్ట వచ్చింది. ముడత పడదు, తొందరగా ఆరుతుంది, అందరికీ అదే కావాలి. ఫైర్‌స్టేషన్ వాళ్ళకి ఒక ఫుట్‌బాల్ జట్టుండేది. ముదురు ఎరుపు చొక్కాలు తెచ్చి, వెనక తెల్లగా నెంబర్లు వెయ్యమన్నారు. వేశాం. హీటరు కింద కాల్చి ఆరబెట్టాం. పాలలా ఉన్నాయమ్మా నెంబర్లు. మడతపెట్టి ఇచ్చేశాం. తీరా ఆట రోజున విప్పి తొడుక్కునేసరికి నెంబర్లు గులాబీరంగు. నిప్పులోకి దూకే మనుషులు, ఒక్కొక్కడికీ ఇంతేసి మీసాలు, వీపు మీద పసిపిల్లల జుబ్బా రంగులో నెంబర్లు. అవతలి జట్టువాళ్ళు 'గులాబీలొచ్చాయిరోయ్' అని మొదలెట్టారట. గెలిచి ఫైనల్‌కి వెళ్ళారు గాని, ఆ పేరు మాత్రం అంటుకుపోయింది.

మర్నాడు వాళ్ళ కెప్టెన్ చొక్కాల మూట తెచ్చి బల్లమీద పెట్టాడు. మంచివాడు, గట్టిగా ఒక్క మాటనలేదు. 'అమ్మా, ఫైనల్‌కి కొత్త చొక్కాలు తెస్తాం, మీ వల్ల కాకపోతే చెప్పండి, నెంబర్లు గుడ్డముక్కలతో కుట్టించుకుంటాం' అన్నాడంతే. అతను తిట్టినా ఆవిడ పడేది గాని ఆ కుట్టించుకుంటాం అన్నమాట పడలేకపోయింది. పైగా ఎదురుషాపాయన, ఆయనదీ అచ్చు పనే, గుమ్మంలో నిలబడి, 'ఆ బట్టమీద తెలుపు నిలవదమ్మా, నేనెప్పుడో మానుకున్నా' అని పుండు మీద కారం చల్లాడు. ఈవిడ ఊరుకుంటుందా? వీధి వీధంతా వినేలా, 'నిలబెడతాను. ఫైనల్లో నా తెలుపు తెలుపుగా లేకపోతే నా బోర్డు నా చేత్తో దింపుకుంటా' అంది. అనడమే కాదు, నాచేత నిచ్చెన తెప్పించి బోర్డుకి ఆనించి పెట్టింది. తియ్యనివ్వలేదు. లోపలికి వచ్చేవాళ్ళంతా దానికిందనుంచి దూరి రావాల్సిందే. ఆ బోర్డు కిందే కదా మా అందరి తిండీ.

తర్వాత చేసిందేమిటంటే, ఇంకా కాల్చమంది. 'పచ్చి మీదుంది అబ్బాయ్, సరిగ్గా కాలలేదు.' మిగిలిన గుడ్డముక్క మీద వేసి ఇంకా కాల్చాను. ఇంకా గులాబీ అయింది. 'ఇంకా కాల్చు.' బట్ట ఉడికిన వాసనొచ్చేదాకా కాల్చాను. అసలు సంగతేమిటంటే ఆ బట్టకి వేసిన రంగు వేడి తగిలితే ఆవిరిలా పైకి లేచి తెలుపులోకి దూరుతుంది. ఎంత కాలిస్తే అంత దూరుతుంది. అది మాకు తెలీదు. 'ఏడుస్తోంది, బట్ట ఏడుస్తోంది' అనేది ఆవిడ. మా షాపులో ఆ మాటే స్థిరపడిపోయింది. ఏడ్చిందా, ఏడవలేదా, అంతే. వేడి తగ్గించి చూద్దామా అని నసిగాను. 'అల్లుడుగారూ' అంది. వేడి ఇంకాస్త పెంచాను. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు కదా ఆవిడతో.

చివరికి పాత మూట విప్పి, ఏ చొక్కా ఎంత ఏడ్చిందో చూద్దామని వరసగా పరిచింది. అన్నీ గులాబీ, గులాబీ, గులాబీ. కెప్టెన్ చొక్కా దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. తెల్లగా ఉంది. మల్లెపువ్వులా. నేను, అది వేరే తానులోంచి వచ్చిన బట్టేమో అన్నాను. ఉతికి తెచ్చాడేమో అంది మీ అమ్మమ్మ. ఆవిడ గోరుతో ఆ నెంబరు అంచు గీకుతుంది, కిటికీవైపు చూస్తుంది, మళ్ళీ గీకుతుంది. మీ అమ్మమ్మ భయపడి, అమ్మకి ఒంట్లో బాగాలేదేమోనండీ, అరగంట నుంచి ఎవర్నీ తిట్టలేదు అంది నా చెవిలో.

అప్పుడు లేచి నిలబడి, కొంగు బిగించి, 'తప్పు చేశాను' అంది.

మాకు అర్థంకాలేదు. ఆ నోట్లోంచి ఆ మాట ఎప్పుడు విన్నాం గనక. 'ఆ రోజు నేనే తప్పు చేశాను. అబ్బాయ్, విన్నావా? నీ తప్పు కాదు, డబ్బాది కాదు, నాదే' అని మళ్ళీ అంది. ఏదో బిరుదు తన పేరున చదివినట్టు చెప్తోంది. సంగతేమిటంటే, ఆ చొక్కా వేస్తున్నప్పుడు కిటికీలోంచి ఎదురుషాపాయనతో పోట్లాడుతోందట. మాట మీద మాట, చూపంతా అక్కడే, చెయ్యి పోయి నల్ల ఇంకు డబ్బా అందుకుంది. ముదురెరుపు మీద నల్లటి నెంబరు. నేనేమో భోజనానికెళ్ళాను. ఎవరూ చూళ్ళేదని గబగబా ఆరబెట్టి, దానిమీదే సరిగ్గా తెలుపు లాగేసి, మూటలో కలిపేసింది. చచ్చినా చెప్పకూడదనుకుందట. ఆ నలుపే మూతలా అడ్డంపడి ఎరుపుని పైకి రానివ్వలేదన్నమాట. తెలుపు తెల్లగా ఉండాలంటే కింద నలుపుండాలి. ఎవరికి తడుతుంది చెప్పు? మనుషులు చొక్కా పాడైందని దాచుకుంటారు గాని.

కొత్త చొక్కాలొచ్చాయి. ముందు నలుపు, ఆరాక తెలుపు. ఈసారి ఆవిడే 'వేడి తగ్గించు అబ్బాయ్, నువ్వప్పుడే అన్నావుగా' అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయమ్మా, అబద్ధమెందుకు. మర్నాడు చూస్తే తెలుపు. ఆ మర్నాడూ తెలుపే. అయినా నిచ్చెన తియ్యనివ్వలేదు. ఫైనల్ అవనీ అంది.

ఫైనల్ ఓడిపోయారనుకో. అదెవడిక్కావాలి? బురద, చెమట, మండే ఎండ, వాళ్ళు పరిగెడుతుంటే నెంబర్లు మైదానం ఆ చివర్నుంచి కనిపించాయి. గులాబీలనబోయి అవతలివాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. ఆట అవగానే ఆవిడ మైదానంలోకి దిగి ఒక్కొక్కణ్ణీ భుజం పట్టుకు తిప్పి వీపు చూసింది. అంతంత మగాళ్ళు వరసలో నిలబడి చూపించుకున్నారు. ఓడిన కెప్టెన్ నవ్వుతూ, 'అమ్మా, మేం ఏడుస్తున్నాం గాని చొక్కాలు ఏడవలేదు' అన్నాడు.

షాపుకొచ్చి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఆవిడే నిచ్చెనెక్కింది. నేను కింద పట్టుకున్నా. తడిగుడ్డతో బోర్డు తుడుస్తోంది, ఒక్కో అక్షరం, నిదానంగా, వీధంతా చూస్తుండగా. ఎదురుషాపాయన ఉండలేక వచ్చాడు. నిచ్చెన దగ్గర నిలబడి, తలెత్తి, 'ఏం చేశావమ్మా' అన్నాడు. మనస్ఫూర్తిగానే అడిగాడు పాపం.

ఆవిడ తుడవడం ఆపకుండానే, 'తప్పు చేశాను' అంది.

ఆయన మొహం ఎర్రబడింది. 'ఇష్టం లేకపోతే చెప్పనని చెప్పు, వెటకారమెందుకు' అని విసవిసా వెళ్ళిపోయాడు. పైన ఆవిడ నవ్వు చూడాలి, నిచ్చెన ఊగిపోయింది. నేను రెండుచేతులా వాటేసుకుని పట్టుకున్నా, పడిపోతుందేమోనని. జన్మానికొకసారి ఒప్పుకుందా, అదీ ఎవరూ నమ్మలేదు. ఉంటే ఎంత బావుణ్ణు ఇప్పుడు. నీ చొక్కా లాక్కుని మరీ చూసేది.

ఏదీ, ఆ అక్షరం అంచు చూడు. అక్కడ కాదు, మలుపు దగ్గర, గోరుతో కాస్త. ఇప్పుడు కింద నలుపు బదులు బూడిదరంగు వేస్తున్నారులే, ఆ గీత సన్నగా కనిపిస్తోందా? కనిపిస్తోంది కదూ.

...

మీ అమ్మమ్మ పిలుస్తోంది, విన్నావా. 'తమరిని' అంటోందా? అచ్చం వాళ్ళమ్మే. లే, లే, నా కర్ర ఇటియ్యి.