వారానికొక్క ముక్క

మీ తాతయ్య పిరికివాడని ఎవరు చెప్పారే నీకు? మీ అమ్మేనా? చెప్పే ఉంటుంది. ఆ కుర్చీ ఇటు లాక్కుని కూర్చో, అంతదూరం అరవలేను. పిరికివాడే, కాదనను. మా అక్క మొగుడని వెనకేసుకురావడం లేదు. కానీ మా బావ చేసే ఉద్యోగమేంటో తెలుసా నీకు? కబేళాలో తనిఖీ. కోసిన ప్రతి పశువు లోపలి సామానంతా బల్లమీద పరిస్తే, ఇది తినొచ్చు, ఇది తినకూడదు అని తేల్చాలి. తినొచ్చంటే నీలం ముద్ర. కూడదంటే ఫినాయిలు పోసి గోతిలోకి. అక్కడి కసాయివాళ్ళు ఆయనకి భూతద్దం అని పేరు పెట్టారు. ఎదురుగానే అనేవాళ్ళు, ఆయనా పలికేవాడు. నేనోసారి భోజనం డబ్బా ఇవ్వడానికి వెళ్ళాను. నేనప్పుడు వాళ్ళింట్లోనే ఉండి టైపు నేర్చుకుంటున్నానులే, ఆ టైపు మిషను సంగతి వేరే కథ. సరే, వెళ్ళేసరికి చేతిలో ఇంతలావు ఎద్దు కార్జం. నొక్కాడు, పక్కకి చీల్చాడు, "చూడరా బావమరిదీ" అంటూ కత్తి మొనతో ఓదాన్ని బయటికి తీశాడు. చిన్న ఆకులాగా ఉంది. కదులుతోంది. కార్జపు జలగ అంటార్ట దాన్ని. నాకు రెండ్రోజులు ముద్ద దిగలేదు. ఆయన మాత్రం చేతులు కడుక్కుని అక్కడే డబ్బా విప్పాడు. అందులో కార్జం ఎప్పుడూ ఉండేది కాదనుకో. మా ఇంట్లో ఆ మాటే ఎత్తనిచ్చేవాడు కాదు.

మరి అదే కార్జం తన చేత్తో వండాల్సొచ్చింది. ఎలాగంటావా, మీ అమ్మ పుట్టినప్పుడు అక్కకి చాలా రక్తం పోయింది. మనిషి సున్నం కొట్టిన గోడలాగా అయిపోయింది. మాది మూడో అంతస్తు. ఒక్కో మలుపు దగ్గర కూర్చుని, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎక్కేది. ఇనుం మాత్రలిస్తే మింగినవి మింగినట్టే కక్కేసేది. డాక్టరమ్మ చూసి చూసి, ఇక మాత్రలొద్దు, గొడ్డు కార్జం పెట్టండి, రక్తం పట్టడానికి అంతకంటే మంచి తిండి లేదు, వారానికొక్కసారి, అరచేతిలో సగం ముక్క, చాలు అంది. నేనూ అక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను. బావ మొహంలో రక్తం లేదు.

ఆ శనివారం తనే తెచ్చాడు. పాతిక కార్జాలు చూస్తే ఒకటి నచ్చిందట. ఇంటికొచ్చి ఉల్లిపొరంత పల్చగా కోసి, ఒక్కో ముక్కా కిటికీ వెలుతుర్లో పట్టుకుని చూసుకున్నాడు. వేయించాడూ, చెప్పు అట్టలాగా అయ్యేదాకా వేయించాడు. అక్క తింటుంటే ఎదురుగా నిలబడి గొంతు వైపే చూపు. "నాకూ ఓ ముద్ర కొట్టేయండి, పనైపోతుంది" అని అక్క నవ్వింది. ఆయన నవ్వలేదు.

కానీ ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పనిచేసింది. రెండు నెలలు తిరిగేసరికి మీ అమ్మని చంకనేసుకుని మూడంతస్తులూ ఆగకుండా ఎక్కేసింది. బావ పైమెట్టు మీద నిలబడి చూస్తున్నాడు. అక్కడితో ఆగాల్సింది. ఏం చెబుతున్నాను, ఆఁ, భయమనేది చూశావూ, ఒక వైపు తలుపేస్తే ఇంకోవైపునుంచి వస్తుంది. ఇప్పుడాయనకి, కార్జం మానేస్తే మళ్ళీ పాలిపోతుందేమోనని భయం. వారానికొకటల్లా రెండయింది, రెండల్లా రోజూ అయింది. ముక్క అరచెయ్యంత అయింది. బావా, డాక్టరమ్మ వారానికన్నది కదా అన్నాను. "ఆవిడకేం తెలుసురా, మంచం పక్కన కూర్చున్నది నేను" అన్నాడు. అక్కకి అది నోటికి సహించడం ఎప్పుడో మానేసింది. అయినా ఆయన మొహం చూసి తినేది.

ఏడెనిమిది నెలలయ్యేసరికి తలనొప్పులు మొదలయ్యాయి. పెదాలు పగిలాయి, అరచేతులు పొరలు పొరలుగా ఊడేవి, దువ్వెన నిండా జుట్టు. ఎముకలు సలుపుతున్నాయనేది. బావ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, ఒక పురుగు నా కంటపడకుండా పోయిందిరా, అది లోపలికెళ్ళి తలదాకా పాకింది అన్నాడు. అయితే ఆపేయ్ బావా అంటే, ఆపితే రక్తం పోతుంది, అప్పుడో అన్నాడు. పెట్టాలన్నా భయం, మానాలన్నా భయం. ఇంకా పల్చగా కోసేవాడు, ఇంకాసేపు మాడ్చేవాడు, పెట్టేవాడు. డాక్టరమ్మ దగ్గరికెళ్దామంటే రేపు, ఎల్లుండి. పురుగుందని ఆవిడ నోటితో వినాల్సొస్తుందని. కబేళాలో అయితే మంచివీ చెడ్డవీ అన్నీ గోతిలోకే తోయడం మొదలెట్టాడు. కసాయివాళ్ళు గొడవ చేస్తే పైఆఫీసరు వచ్చి, గోతిలోవి పదిహేను తీయించి కోసి చూశాడు. ఒక్కదాన్లోనూ ఏమీ లేదు. "నీకు ఒంట్లో బాగాలేదా?" అని మాత్రం అడిగాడట.

ఒకరోజు అక్క మంచినీళ్ళు తాగి గ్లాసు బల్లమీద పెట్టబోయి, బల్ల పక్కన గాల్లో పెట్టింది. నాకు బల్లలు రెండు కనిపిస్తున్నాయిరా తమ్ముడూ అంది. ఇక ఆయన్ని అడగలేదు నేను. ఆయన డ్యూటీలో ఉండగానే తీసుకుపోయాను. డాక్టరమ్మ కళ్ళు చూసింది, చేతులు చూసింది, ఏం తింటున్నావంది. కార్జం. ఎన్నాళ్ళకోసారి? రోజూ. ఎంత? అక్క అరచెయ్యి చాపింది. ఆవిడ కలం కింద పెట్టేసింది. పురుగూ లేదు గిరుగూ లేదు, మంచిదే ఎక్కువై ఇలా చేసింది, కార్జంలో ఎ విటమిన్ గుట్టలకొద్దీ ఉంటుంది, నీళ్ళలాగా బయటికి పోదు, ఒంట్లోనే పేరుకుపోతుంది, ఇవాళే ఆపేస్తే మెల్లగా తగ్గుతుంది అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు ఆవిడ, "నెల తప్పలేదు కదా?" అని అడిగింది. అక్క తల దించుకుని రెండు వేళ్ళు చూపించింది. మాకెవరికీ చెప్పలేదప్పటిదాకా. డాక్టరమ్మ లేచి వెళ్ళి తలుపేసొచ్చింది. బిడ్డ అవయవాలు తయారయ్యే రోజులివి, కడుపుతో ఉన్నవాళ్ళు అసలు ముట్టకూడనిది, ఏమీ కాకపోవచ్చు, అవ్వనూ వచ్చు, పుట్టాకే తెలుస్తుంది అంది.

బావకి నేనే చెప్పాను, కబేళాకి వెళ్ళి, బల్ల దగ్గరే. మొత్తం విన్నాడు. "నా చేత్తో," అన్నాడు.

అక్కకి మూణ్ణెల్లలో జుట్టు మళ్ళీ వచ్చింది, తలనొప్పులు పోయాయి, బల్ల ఒక్కటే కనిపించింది. ఆవిడ తేరుకున్నకొద్దీ ఆయన చిక్కిపోయాడు. ఏడు నెలలు, అమ్మడూ. అక్క కూర్చున్నప్పుడల్లా కడుపు మీద చెయ్యేసి అలా ఉండిపోయేవాడు. లోపలికి చూడలేని చోటు అదొక్కటే కదా ఆయనకి.

పుట్టింది. మీ పిన్నే. వేళ్ళు పదీ పదీ ఉన్నాయి, ఏడుపు వీధి చివరికి వినిపించింది. ఎడమ చెవి మాత్రం, నువ్వు చూసే ఉంటావు, విప్పుకోని చిగురులాగా ముడుచుకుని. డాక్టరమ్మ అప్పుడే చెప్పింది, కార్జం మొహం చూడని తల్లులకీ ఇలాంటి చెవులతో పిల్లలు పుడతారు, దానివల్లేనని చెప్పలేను, కాదనీ చెప్పలేను అని. బావ ఆ 'కాదనీ చెప్పలేను' అన్న మాటే పట్టుకున్నాడు.

పిల్ల నడిచే వయసొచ్చిందగ్గర్నుంచీ, రోజూ పొద్దున్నే వెనకనుంచి ఎడమవైపు చేరి మెల్లగా పిలిచేవాడు. రెండడుగుల దూరం, నాలుగడుగులు, గుమ్మం అవతల్నుంచి. పిల్ల తిరిగి చూసేది. తిరిగిందా, ఆ పూటకి అన్నం తినేవాడు. బడిలో ఆ చెవి చూసి వెక్కిరింపు పేరు పెట్టారు దానికి, ఏడ్చుకుంటూ వచ్చేది, అది వేరు. తొమ్మిదేళ్ళప్పుడనుకుంటా, లెక్కలు చేసుకుంటోంది, ఈయన తలుపు వెనక్కి చేరాడు. పిలవకముందే, తల ఎత్తకుండానే, "వినిపిస్తోంది నాన్నా. ఎప్పుడూ వినిపించింది. ఇక చాలు" అంది. ఆయన తలుపు వెనకనుంచే సరేనమ్మా అన్నాడు. నేను చూస్తూనే ఉన్నాను, అప్పటిదాకా ఆయన భుజాలు అలా దిగడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున్న మళ్ళీ పిలిచాడు.

ఆ కిటికీ రెక్క వేసెయ్యవే, జల్లు లోపలికొస్తోంది.