పూజ తర్వాత రెండైన స్విచ్చులు

హోసూరు ఫ్యాక్టరీలో కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి చేరే నెట్‌వర్క్ స్విచ్చులు సగం పోయాయని గోల. మేనేజరు అనంతకుమార్ కుర్చీ చూపించినా, ఆయన ఎదురుగా కూర్చోవాలంటేనే రోతపుట్టి, కంప్యూటర్లు చూసుకునే సుధామణి నిలబడే మాట్లాడుతోంది.

“దొంగతనమే జరగలేదంటా ఉండాను సార్. పోయినాయన్న స్విచ్చులన్నీ గోడలకే ఉండాయి. నిచ్చెనెక్కి ఒక్కోటీ చూసినాను. పూజకు పెట్టిన బొట్లు కూడా అట్లే ఉండాయి.”

“మరి కంప్యూటరు సగం కనబడలేదంటా ఉండాదే.”

“అది ఒక్కోదాన్ని రెండుసార్లు రాసుకునింది. ఉండేది ఒకటే స్విచ్చి, రికార్డులు రెండు. ఒక రికార్డు ఉందంటాది, ఇంకోటి పోయిందంటాది.”

“దానికేమన్నా మతి పోయిందా?”

“ఆయుధపూజకు మనమేం చేసినాము? మిషన్లతో పాటు ఇవీ దేవుళ్ళే అని కరెంటు తీసి, కిందికి దించి, తుడిచి, బొట్టు పెట్టి మళ్ళీ తగిలించినాము. కరెంటు రాగానే ఒక్కోదానికి కొత్త అడ్రస్ వచ్చింది. నెట్‌వర్కులో ఏమేం సామాన్లు ఉండాయని రోజూ వెతికే సాఫ్ట్‌వేరు ఉండాది కదా, అది ఆ కొత్త అడ్రస్ చూసి ఇదేదో కొత్త స్విచ్చి అనుకునింది. పాత అడ్రస్‌లో ఎవరూ పలకలేదు కాబట్టి పాతది పోయిందని రాసింది.”

“ఇల్లు మారినోణ్ణి చచ్చిపోయినాడన్నట్ల.”

“అంతే సార్.”

“మన కంపెనీదే బాగలూరు యూనిట్లో ఒక్కటీ పోలేదే. ఈడనే ఏల పోయినాయి?”

“ఆడ కరెంటు తీయలేదు. మిషన్లకు బొట్లు పెట్టి ఊరుకున్నారు. ఈడ మీరే కదా, అన్నీ దించి కడగండి, పండగంటే పండగలాగ ఉండాలన్నారు. ఇంకా నమ్మకం లేకుంటే సీరియల్ నంబర్లు చూడండి. రెండు రికార్డుల్లోనూ అదే నంబరు.”

“చూసినాలే.”

“ఎప్పుడు చూసినారు?”

“మొన్న. కాఫీ తాగుతావా?”

“మొన్ననే తెలుసా మీకు? వాచ్‌మన్ చెన్నరాయప్పను దొంగని పనిలోంచి పంపించింది నిన్న కదా. గేటు కాడ అందరి ముందరా ఆయప్ప యూనిఫాం విప్పించినారు.”

“విప్పించింది సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్ళు. నేను కాదు.”

“మీరు ఆడనే నిలబడుకోని ఉండారు.”

“ఆయప్పే ఒప్పుకున్నాడమ్మా. పూజ అయినంక ఒక ఆటోను చూడకుండా పంపించినానని రాసిచ్చినాడు.”

“ఆ ఆటోలో పోయింది పగలగొట్టిన గుమ్మడికాయలు, అరటి బోదెలు. దిష్టి తీసిన కాయను ఎవరన్నా చెయ్యి పెట్టి తడుముతారా? మీరు తడుముతారా? సామల్పట్టి నుంచి బస్సెక్కి వచ్చి గేటు కాసే మనిషి సార్. నోట్లో వేలు పెడితే కొరకలేడు. ఆయప్పతో ఆ మాట రాయించుకొని, దాన్ని దొంగతనం కింద చూపిస్తారా? థూ. ఈ గదిలో నిలబడాలంటే నాకు అసయ్యంగా ఉండాది.”

“మెల్లగా మాట్లాడు. గోడ పక్కనే అకౌంట్స్ వాళ్ళుండారు.”

“విననీండి. ముందు ఆ పోలీసు కంప్లైంటు ఆపండి. నేను రికార్డులు కలిపేసి, ఏం జరిగిందో బెంగళూరు హెడ్డాఫీసుకు మెయిలు పెడతాను.”

“కలుపు. వద్దన్నానా? ఒకటే అడుగుతాను. సీరియల్ నంబరు దాని దగ్గరే ఉండాది కదా, అది చూసి గుర్తుపట్టకుండా అడ్రస్ చూసి ఏల గుర్తుపడతా ఉండాది?”

“అది... దాని గుణం అంతే సార్.”

“గుణమా, సెట్టింగా?”

“సెట్టింగే అనుకోండి. అది ఇప్పుడెందుకు? మనిషి బతుకు గురించి మాట్లాడతా ఉండాము.”

“నేనూ దాని గురించే. కంపెనీవాడు వచ్చి సాఫ్ట్‌వేరు పెట్టినప్పుడు, దేన్ని చూసి గుర్తుపట్టాలని అడిగినాడు. ఎవర్ని అడిగినాడు?”

“పాత సంగతి సార్ అది.”

“ఎవర్ని అడిగినాడు సుధామణీ?”

“నన్నే. సీరియల్ నంబరంటే ఒక్కో స్విచ్చి కాడికీ పోయి సరిచూసుకోవాలన్నాడు. నేను... ఇప్పటికి అడ్రస్ చాల్లే అన్నాను. తర్వాత మారుద్దామనుకున్నాను. మరిచిపోయినాను.”

“ఇప్పుడు విను. బెంగళూరు వాళ్ళకు ఎవరిదో ఒకరిది తప్పు కావాల. సామాన్లు పోయినాయంటే వాచ్‌మన్ తప్పు. ఒకటే స్విచ్చి రెండుగా రాసుకునిందంటే నీ తప్పు. మొన్న ఫోన్లో వాళ్ళు అడిగింది నీ పేరేనమ్మా. పర్మనెంటు చేయబోయే లిస్టులో ఉండే ఆడబిడ్డ, నోటికాడి కూడు ఏంటికి తీయాలని వాచ్‌మన్ పేరు నేనే చెప్పినాను.”

“నేనడిగినానా సార్ మిమ్మల్ని?”

“అడగలేదు. అందుకే ఇప్పుడు నేనడుగుతా ఉండాను. కలుపుతావా?”

“ఆయప్పకు... వాచ్‌మన్ పని ఇంకా యాడన్నా దొరుకుతాదా సార్?”

“దొంగ అని పేరు పడినోణ్ణి గేటు కాడ ఎవరు పెట్టుకుంటారు? నువ్వే చెప్పు.”

“కంప్లైంటు లేకుండా సుమ్నే, ఊరికే పంపించేస్తే?”

“కంప్లైంటు కాగితం లేకుంటే ఆడిటరు ఒప్పడు. కలుపుతావా, కలపవా? బెంగళూరుకు ఫోను చేయాల నేను.”

“ఆడిట్ అయ్యేదాకా...”

“అయ్యేదాకా?”

“రెండుగానే ఉండనీండి సార్.”

“మంచిది. పోయి పని చూసుకో. అవునూ, చెన్నరాయప్ప పొద్దున్నుంచి గేటు బయటే కూర్చోనుండాడంట. సుధామణమ్మ లోపల నా కోసం మాట్లాడతా ఉండాది, వచ్చి చెప్తాదని వచ్చేపొయ్యే వాళ్ళందరికీ చెప్తా ఉండాడంట.”

“వెనక గేటు తాళం ఎవరి దగ్గరుంటాది సార్?”