రెండో పెద్ద బస్తా

ఆర్మూర్ పసుపు మార్కెట్ ఎదుటి సాఫ్ట్‌వేర్ ఆఫీసులో, కోడింగ్ ఇంటర్వ్యూకు వచ్చిన అమ్మాయి పది నిమిషాలుగా ఒక్క అక్షరం రాయలేదు. ఇంటర్వ్యూ చేస్తున్న అతనికి విసుగొచ్చింది.

“రాదా?”

“వస్తది సార్.”

“మరెందుకు రాస్తలేవు?”

“రెండో పెద్ద బరువు కనుక్కోమన్నరు, ఒకే బరువును రెండుసార్లు లెక్కవెట్టొద్దన్నరు. బస్తాలేమో అరవై, అరవై, యాభై అయిదు కిలోలు. జవాబు యాభై అయిదు గావాలె. మీ కాగితంల జవాబు అరవై అని ఉంది సార్.”

అతను కాగితం చూశాడు. నిజమే, జవాబు దగ్గర అరవై అనే ఉంది.

“ముందే చెప్పొద్దా?”

“అడగొచ్చో లేదో మీరు చెప్పలే సార్.”

పొద్దున్నుంచి ఇదే కాగితం ముందు నలుగురు ఇలాగే బిగుసుకుపోతే, కోడింగ్ రాదని పంపేశాడు.

“నీ ముందొచ్చినోళ్లు పోయిండ్రా?”

“నేనొచ్చేటప్పుడు బస్టాండ్ల ఉన్నరు సార్. నిజామాబాద్ బస్సు ఇంక రాలేదట.”

“నువ్వు గూసో. నేనే పోయి పిలుసుకొస్త.”