తడి చొక్కా

ఏమే, కెమెరా బిగించేశాడా మీ ఆయన? ఫోన్లో గుమ్మం కనబడుతోందా? బాగుందమ్మా. మనింటికి దొంగొస్తే ఊరవతల కూర్చుని వాడి మొహం చూసుకోవచ్చన్నమాట. నవ్వకు! మా రోజుల్లో కెమెరాలెక్కడివి, బీటు పోలీసాయనే మా వీధికి కెమెరా. సన్నగా, పొడుగ్గా, వాసానికి యూనిఫారం తొడిగినట్టుండేవాడు. ఇల్లిల్లూ తిరిగి తలుపులు లాగి చూసేవాడు. "తాళం ఎంత పెద్దదేస్తే ఏంటమ్మా, గొళ్ళేనికి మేకులు కొట్టారు. ఒక్క గుంజు గుంజితే తాళంతో సహా ఊడొస్తుంది. మరలు బిగించండి. ఊరెళ్తే నాకొక మాట చెప్పి వెళ్ళండి" అని ఒకటే పోరు. మేమేమో "వచ్చాడమ్మా గొళ్ళేలాయన" అని చాటున నవ్వుకునేవాళ్ళం.

ఇంతకీ ఎక్కడున్నాను? ఆ. మీ తాతయ్య పోయిన రెండో ఏడు. నాకున్నదల్లా ఒక కుట్టుమిషను. దానిమీదే మా తిండి, మీ అమ్మ చదువు. మీ అమ్మకప్పుడు ఎనిమిదేళ్ళు. కడుపునొప్పని తీసుకెళ్తే ఆపరేషనన్నారు. పదకొండు రోజులు ఆస్పత్రిలోనే. ఆ మిషను గానీ పోతే మా బతుకు వీధినపడ్డట్టే. అందుకని వెళ్తూ వెళ్తూ ఆయనకి చెప్పాను. "మీరు పిల్లని చూసుకోండమ్మా, ఇల్లు నేను చూస్తా" అన్నాడు. తిరిగొచ్చి చూద్దును కదా, నా వరండా తీగమీద మగాడి చొక్కా! గుమ్మంలో ఇంతింత చెప్పులు! పక్కింటావిడ మూతి మూడు వంకర్లు తిప్పుతూ, "ఆ పోలీసాయన రోజూ పొద్దున్నే వస్తున్నాడు వదినా, నీకు తెలీదూ?" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మొగుడు లేనిదాని ఇల్లు వీడికి సత్రమైపోయిందా అని, ఆ చొక్కా పట్టుకుని తిన్నగా కూడలికి పోయి, నలుగురిలో ఆయన మొహాన కొట్టాను. "సిగ్గు లేదా నీకు?" అన్నాను కూడా. ఆయన చొక్కా దులుపుకుని, "చెప్పకుండా చెయ్యడం నాదే తప్పమ్మా. పాప ఎలా ఉంది? మిషను చూసుకున్నారా?" అన్నాడు. అంతే.

మిషనెక్కడికి పోతుంది, దుమ్ము పట్టి ఉన్నచోటే ఉంది. సాయంత్రం చివరింటి పిన్నిగారు వచ్చి చెప్తే అసలు సంగతి తెలిసింది. మేం ఆస్పత్రిలో ఉన్న ఆ పదకొండు రోజుల్లోనే మా వరసలో తాళాలేసిన రెండిళ్ళు పట్టపగలే దోచేశారట. అందులో ఒకటి ఆవిడదే. "లోపల మగాడున్నాడనుకుని దొంగ రాడని, మా ఇంటికీ ఒక చొక్కా ఆరేస్తానన్నాడే. నేనే, ఛీ, ఎవడిదో చొక్కా నా తీగమీదా అన్నాను" అని ఒకటే ఏడుపు. ఎండిపోయిన చొక్కా వేలాడుతుంటే దొంగ పసిగట్టేస్తాడని, రోజూ డ్యూటీకి ముందే వచ్చి, మా కుళాయి కింద తడిపి ఆరేసి వెళ్ళేవాడట. యూనిఫారం కాక ఆయనకున్నవే రెండు చొక్కాలు. నా చేతులు పడిపోను, అందులో ఒకటి తీసుకెళ్ళి మొహాన కొట్టానే! మర్నాడే కొత్తది కుట్టాను. కొలతలడగడానికి మొహం చెల్లక కంటికొలతతో కుట్టేసరికి చేతులు పొట్టయ్యాయి. అదే వేసుకు తిరిగాడు మహానుభావుడు. పాతది నాకిచ్చి, "ఉంచండమ్మా, మళ్ళీ ఊరెళ్తారుగా" అన్నాడు. ఆ మిషనే మీ అమ్మని చదివించింది, పెళ్ళి చేసింది. ఇవాళ నువ్వు ఈ ఇంట్లో ఫోను పట్టుకు కూర్చున్నావంటే ఆయన చలవే. ఈ ఒక్క ముక్క ఆయనుండగా ఆయనతో అనలేదే నేను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే...

సరేలే, ఆటో వచ్చినట్టుంది. ఆ పాత చొక్కా బీరువా కింది అరలో ఉంటుంది, తీసుకెళ్ళి వరండాలో ఆరెయ్యి. ఉత్తినే కాదు, తడిపి. ఎదురింటమ్మాయికి చెప్పానులే, మనం వచ్చేదాకా రోజూ తడుపుతానంది.