పేరు లేని పిల్లల చింత

ఊరికి పడమట, పాత దేవుడి గుడి గోడ కూలిన చోట చింతచెట్టు ఉందా లేదా? కాయలు రాలి కుళ్ళిపోతున్నా ఒక్కరూ ఏరుకోరు, మేకలవాళ్ళు కూడా చుట్టు తిరిగే పోతారు. ఎందుకంటారు? చెబుతా, ఇట్టా దగ్గరికి జరగండి.

మా తాతల తాతల నాటి మాట. స్వాములు, అదే గుడి ఫాదర్లు, ఏడాదికోసారి ఎడ్లబండి మీద వచ్చిపోయే రోజులు. స్వామి లేకపోయినా ఊరంతా దేవుడి మీదే నడిచేది. విత్తనాల మీద సిలువ గుర్తు వెయ్యందే నాగలి కదిలేది కాదు. దెయ్యాలు రాకుండా ప్రతి గుమ్మం మీదా సున్నంతో సిలువ. సాయంత్రం గుడి గంట కొడితే గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్నవాళ్ళు కూడా అట్టాగే ఆగి దణ్ణం పెట్టుకునేవాళ్ళు.

చిన్నప్ప పెళ్ళాం శౌరమ్మకి అప్పుడు తొలి కాన్పు. మంత్రసాని జ్ఞానస్నానానికి నీళ్ళు తెచ్చేలోపే బిడ్డ కన్నుమూశాడు. నీళ్ళు పడని బిడ్డకి సమాధుల దొడ్లో చోటు లేదన్నాడు రాయప్ప. ఆయన ఉపదేశిలే, స్వామి లేనప్పుడు ప్రార్థనలు చెప్పించేవాడు. ఏంచేస్తారు, గోడ అవతల ఆ చింత కింద పూడ్చారు. అట్టాంటి బిడ్డలందరూ అక్కడే, పేర్లు లేకుండా.

ఇక రోజూ గంట కొట్టగానే శౌరమ్మ గుమ్మం బయట పసివాడు ఊ, ఊ అంటున్న చప్పుడు. చిన్నప్పేమో గాలి అన్నాడు. ఒకనాడు ఆమె తడిగుడ్డ తీసుకుని గుమ్మం మీద సిలువ తుడిచేసింది. నా బిడ్డని కూడా ఆపుతుంటే ఎట్టా అందంట.

వచ్చాడు మరి. ఇంటి నిండా చింతపూల వాసన, ఉత్త ఉయ్యాల మెల్లగా ఊగింది, ఆమెకి పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయింది. కానీ తాగే నోరేదీ? రోజురోజుకీ ఆ ఊ, ఊ ఏడుపయింది. వాడికి కావలసింది పాలు కాదే, పేరు అంది మంత్రసాని.

బిడ్డకి జ్ఞానస్నానం చేసి పేరు పెట్టమని శౌరమ్మ రాయప్ప దగ్గరికి పోయింది.

"చచ్చినోళ్ళకి జ్ఞానస్నానం లేదమ్మా."

"చచ్చినోడైతే రోజూ నా గుమ్మంలోకి ఎట్టా వస్తాడయ్యా?"

ఆయన మంత్రించిన నీళ్ళ చెంబు చేతికిచ్చి మొహం తిప్పుకున్నాడంట.

గంట వేళకి చింత కింద నీళ్ళు పోసి, అంతోనీ అని పిలిచింది. ఏడుపు ఆగింది. ఆమె కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగిందో లేదో ఎవరో కొంగు లాగారు. చిన్న చెయ్యి. మరియమ్మ అంది. ఇంకో చెయ్యి. యోసేపు అంది. చెంబులో నీళ్ళు తరగవు, చేతులూ తరగవు. వెతుక్కుంటూ వచ్చిన చిన్నప్ప గోడ దగ్గర్నుంచి చూశాడు, పాలలాంటి మంచు, మధ్యలో ఆమె. ఇంటికి రమ్మని పిలిచాడు. వస్తా, ఇంకా ఉన్నారు, అందంట. మంచు విడేసరికి చెట్టు కింద ఎవరూ లేరు.

చిన్నప్ప బతికినన్నాళ్ళు ఆ గుమ్మానికి సిలువ వెయ్యలేదు.

ఇప్పటికీ దీపాలు పెట్టే వేళ అక్కడ ఒకామె, నీ పేరేంటి నాయనా అని అడుగుతుంది. చెప్పినా వినిపించుకోదు, నీళ్ళు పోసి తనకి తోచింది పెడుతుంది. మొన్న మర్రెడ్డి మూడోవాడు తల తడుపుకుని వచ్చాడు, అప్పట్నుంచి తల్లి పిలిస్తే పలకడు. మీకందరికీ పేర్లున్నాయిగా, అక్కడ మీకేం పని?