ఏడు అక్షరాలు, నలభై కాగితాలు

రెండువేల నాలుగు. మౌసు పట్టుకోవడం వస్తే చాలు, ఉద్యోగం ఖాయమని ఊరంతా పుకారు. మూడేళ్లుగా అమీర్‌పేట హాస్టల్లో ఆ పుకారు వింటూ బతుకుతున్న ఓదెలు, సోమాజిగూడలోని ఓ కంపెనీలో మనుషుల్ని ఏరే అరుణాదేవి ఎదుట, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"అందరి కాగితాల్లోనూ పదాలు ఒకే వరసలోనా?"

"నాకేమెర్క మేడం. మస్తు చదివిన్రేమో."

"మధ్యాహ్నం పరీక్ష రాసిన నలభై మందీ అవే పదాలు, అదే వరస. మొదట రెయిన్, తర్వాత ట్రెయిన్, మూడోది రెటీనా. రేషన్ షాపు దగ్గర కూడా ఇంత బుద్ధిగా నిలబడరు బాబూ."

"మీరే ఏడక్షరాలిచ్చి పదాలు రాయమంటిరి. టి, ఆర్, ఏ, ఐ, ఎన్, ఈ, ఎస్. ప్రతి పదంల ఆర్ తప్పకుంట ఉండాలంటిరి. ఎవలు రాసినా గవే వస్తయ్ కద."

"నీకు రాలేదే? పొద్దున బ్యాచ్‌లో నువ్వు రాసినవి పదకొండు. మధ్యాహ్నం వచ్చినవాళ్లు తలా అరవై పైనే."

"నాకు జర టెన్షనైంది."

"ఒకణ్ణి పిలిచి, రెటీనా అంటే ఏంటని అడిగా. ఊరి పేరన్నాడు."

"అయ్యో. కంట్లుంటది కద మేడం."

"ఓహో. నీకు తెలుసన్నమాట."

"అంటే... విన్న ఎక్కడనో."

"మరి నీ కాగితంలో లేదేంటి?"

"బయటికొచ్చినంక యాదికొచ్చింది. పంజాగుట్ట కాడ చాయ్ తాగుతుంటే."

"అదొక్కటేనా?"

"ఇంకొన్ని సుత."

"ఎన్ని?"

"లెక్కవెట్టలే."

"ఓదెలూ, ఇటు చూడు. మధ్యాహ్నం ఎవడో మెట్ల మీద పారేసుకున్న జిరాక్స్ ఇది. ఈ రాత, పొద్దున నీ కాగితంలో రాత పక్కపక్కన పెట్టా. ఇంకా అబద్ధమాడతావా, టీ తాగి ఆడతావా? టీ చెప్పనా?"

"వద్దు మేడం. నేనే రాసిన. డిక్షనరీ ముంగట వెట్టుకొని, ఆర్ ఉన్న పదాలన్ని ఏరి రాసిన. అమీర్‌పేటల హనుమాండ్లన్న జిరాక్స్ షాపుల ఇచ్చిన."

"ఎందుకు? ఉన్నది ఒక్క ఉద్యోగమని తెలుసుగా?"

"మా హాస్టల్ల రివాజు గది. ఇంటర్వ్యూకు ముంగట పోయినోడు బయటికి రాంగనే ఏమడిగిన్రో చెప్పాలె. చెప్పకుంటే బువ్వ కాడ ఎవ్వడు మొఖం జూడడు."

"మరి నీకెవరూ చెప్పలేదా?"

"ఎవలు చెప్తరు? ఎప్పుడు ముంగట పోయేది నేనే. ఓదెలన్న పోయొస్తడు, ఓదెలన్నకు ఫికర్ లేదని మావోళ్లే తోల్తరు. మూడేండ్లాయె. నేను చెప్పింది విని పోయి ఇరవై మూడు మంది కొలువులు కొట్టిన్రు. వచ్చి మిఠాయి డబ్బా చేతుల వెడ్తరు. తినుడు నా పని."

"కడుపు మండదూ?"

"మండుతది మేడం. అబద్ధమెందుకు. నవ్వుకుంట తింట, పండుకున్నంక మండుతది."

"సరే, విను. ఆ నలభై కాగితాలూ రద్దు. పైవాళ్లతో మాట్లాడేశా. ఇక మిగిలింది పొద్దున బ్యాచ్. అందులో తొమ్మిది దాటినవాడు లేడు, నువ్వు తప్ప."

"అంటే?"

"అంటే ఏంటి, ఉద్యోగం నీదే. ఇదిగో లెటరు. సంతకం పెట్టేశా."

"నాదేనా? పేరు సరిగ్గ చూసిన్రా మేడం?"

"ఓదెలు అనే పేరుతో నాకింకెవరు దొరుకుతారయ్యా. సోమవారం తొమ్మిదింటికి రా."

"జర నీళ్లిప్పిస్తరా."

"తాగు. నెమ్మదిగా."

"అమ్మకు చెప్పాలె. ఎట్ల చెప్పాలె మేడం, మూడేండ్ల సంది వచ్చే నెల, వచ్చే నెల అనుకుంటనే ఉన్న. నమ్ముతదో లేదో. గని మావోళ్లు పాపం, నలభై మంది..."

"వాళ్ల సంగతి వాళ్లు చూసుకుంటారు. కూర్చో, ఒక్క సందేహం. నా తృప్తికే అడుగుతున్నా. ఏం చెప్పినా ఆ లెటరు వెనక్కి తీసుకోను."

"ఒట్టా?"

"ఒట్టే. నిజానికి నేను ఈ కాపీ సంగతి పట్టేదాన్ని కాదు. నలభై కాగితాలు ఎవడు చదువుతాడు, లెక్కపెట్టి పక్కన పడేస్తాం. టీ తెచ్చిన పెంటయ్య పట్టాడు. ఆయనకి ఇంగ్లీషులో వచ్చింది నాలుగు ముక్కలు. అందులో ఒక ముక్క ప్రతి కాగితం చివరా కనబడితే నవ్వాడు."

"ఏం ముక్క మేడం?"

"ఆల్ ద బెస్ట్. నలభై మందీ దించేశారు. ఇందులో ఆర్ ఎక్కడ ఏడ్చిందని ఒక్కడూ చూసుకోలేదు."

"మావోళ్లు గంతే. కండ్లు మూసుకొని ఎక్కిస్తరు. నేను మంచి గోరి రాసిన."

"మంచి కోరేవాడు కాగితం అడుగున ఓ మూల రాస్తాడు. నువ్వు పదాల వరసలోనే, అరవై ఐదని నంబరు వేసి మరీ రాశావు. ఎందుకు? ఒట్టేశాగా. చెప్పు."

"నంబరెయ్యకుంటే రాయరు కద మేడం."